నిజాము ఉస్మాన్ అలీ ఖాను - దక్కను రేడియో

రాజుల చరిత్రలను లోకము వారు కట్టించిన కోటలతోను, చేసిన యుద్ధములతోను, విడిచిపోయిన ధనరాసులతోను కొలుచుచుండును. హైదరాబాదు సంస్థానమునకు ఏడవవాడును కడపటివాడును అయిన నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాను చరిత్రమును గూడ లోకము అట్లే కొలిచినది. ఆయన వజ్రములు, ఆయన పొదుపరితనము, ఆయన త్రవ్వించిన జలాశయములు, ఆయన కాలమున చెలరేగిన రజాకార్లు - ఈ నాలుగు మాటలతో ఆయన కథ ముగించుట మనకు వాడుకయైనది. ఆయనను కొలువదగిన కొలబద్ద మరియొకటి కలదు. అది రేడియో.

ఆయన పాలించుచున్న దినములలో హైదరాబాదు నగరమున ఒక ఉద్యోగి తన సొంత పూనికతో ఒక చిన్న ప్రసార కేంద్రమును నెలకొల్పెను. అది కొలది కాలమునకే ప్రభుత్వపరమయ్యెను. పిమ్మట ప్రభువుల పక్షమున పలుకు సాధనమయ్యెను. తుదకు భారత ప్రజల ఆస్తియయ్యెను. పదమూడు సంవత్సరములకు పైగా ఆ కేంద్రము నిజాము ప్రభుత్వము చేతిలో నుండెను. ఆ యంత్రము ముందు ఆయన స్వయముగా నిలిచి ప్రజలతో మాటలాడిన మొదటి దినము ఏదియనిన, ఆయన స్వతంత్రాధికారమునకు కడపటి దినమైన 1948 సెప్టెంబరు 17వ తేదీ. ప్రజలతో మాటలాడుటకు అన్ని సాధనములును గలిగి, మాటలాడవలసిన అవసరము లేదని తలచిన ప్రభువు కథ యిది. ఇందూరు సీమలో, ముఖ్యముగా ఆర్మూరు ప్రాంతమున, ఆయన త్రవ్వించిన కాలువల నీటితో పైరులు పండించుకొన్న కుటుంబములవారికి ఈ కథతో గల సంబంధము తక్కువది కాదు.

జననము, రాజ్యప్రాప్తి

ఉస్మాన్ అలీ ఖాను 1886 ఏప్రిలు 6వ తేదీన హైదరాబాదున జన్మించెను. తండ్రి ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను. ఆ తండ్రి ప్రజలకు ఎంతటి ప్రీతిపాత్రుడనగా, పాము కరచినవారు ఆయన పేరు తలచుకొన్నచో విషము దిగునని జనులు నమ్మెడివారు. 1908 సెప్టెంబరులో మూసీ నది పొంగి నగరమును ముంచి వేలకొలది ప్రాణములను బలిగొన్నప్పుడు దిక్కులేనివారికి రాజప్రాసాదములే ఆశ్రయములయ్యెను. 1911 ఆగస్టు 29వ తేదీన ఆయన మరణింపగా, ఇరువదియైదేండ్ల ప్రాయమున ఉస్మాన్ అలీ ఖాను గద్దెనెక్కెను.

తండ్రికిని కుమారునకును గుణములలో చాల భేదముండెను. తండ్రి చేయి జారవిడిచి ఖర్చుపెట్టువాడు. కుమారుడు పైసను సైతము లెక్కించువాడు. తండ్రి విలాసి, కుమారుడు మాసిన షేర్వానీతోను, పాతబడిన రూమీ టోపీతోను, చవుక సిగరెట్టుతోను కాలము గడిపినవాడు. తండ్రి చెప్పుజోటిలో దొరకిన పెద్ద వజ్రమును కాగితములపై బరువుగా నుంచుకొనెడివాడని ఆయనను గూర్చి చెప్పుకొందురు. ప్రపంచమున అత్యంత ధనికుడని పాశ్చాత్య పత్రికలు 1937లో ఆయన చిత్రమును ముద్రించి కొనియాడెను. ఆ ధనమునకు మూలము సుమారు 82,000 చదరపు మైళ్ల రాజ్యము. 1941 నాటి లెక్కల ప్రకారము దానియందు ఒక కోటి అరువది మూడు లక్షల ప్రజలుండిరి. అందు దాదాపు సగము మంది తెలుగు మాటలాడువారు; తక్కినవారిలో మరాఠీలు, కన్నడిగులు, ఉర్దూవారు నుండిరి.

మొదటి ప్రపంచ యుద్ధమున ఆంగ్ల ప్రభుత్వమునకు ధనమును సైన్యమును సమకూర్చినందులకు 1918లో తక్కిన సంస్థానాధీశుల కెవ్వరికిని లేని ఉన్నత బిరుదమును, నమ్మకమైన మిత్రుడను విశేషణమును ఆయనకు లభించెను. హైదరాబాదునకు సొంత నాణెము, సొంత తపాలా ముద్ర, సొంత రైలు మార్గము నుండెను. తన రాజ్యము తక్కిన సంస్థానముల వంటిది కాదను తలంపు ఆయన మనస్సున నాటుకొనుటకు ఇవియెల్ల కారణములయ్యెను.

సాగరములు, విద్యాలయము

ఆయన చేసిన మేళ్లను మరుగుపరచుట న్యాయము కాదు. మూసీ వరదలు మరల రాకుండ విశ్వేశ్వరయ్య మొదలగు నిపుణుల సలహాపై ఉస్మాన్ సాగరమును, హిమాయత్ సాగరమును నిర్మితములయ్యెను. నగరమున హైకోర్టు, ఉస్మానియా వైద్యశాల మొదలగు భవనములు లేచెను. 1923లో మంజీర నదిపై ప్రారంభమైన నిజాంసాగరము 1931లో పూర్తియయ్యెను. ఆనాటి ముఖ్య ఇంజనీరు అలీ నవాజ్ జంగు పర్యవేక్షణమున అది నిర్మింపబడినది. రమారమి 2,75,000 ఎకరములకు నీరందించు ఉద్దేశముతో త్రవ్విన ఆ కాలువలు బాన్సువాడ, బోధను, నిజామాబాదు, ఆర్మూరు తాలూకాల వ్యవసాయ స్వరూపమును మార్చివైచెను. ఆ నీటి బలముననే బోధనులో చెరకు పెరిగి, 1930ల తుదిభాగమున చక్కెర కర్మాగారము వెలసెను. కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకును, పూనాలో మహాభారత పరిశోధనము జరుపుచున్న భండార్కరు సంస్థకును ఆయన విరాళములిచ్చెను.

1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఆయన కీర్తికి శిఖరము. ఆంగ్లము గాక దేశభాష బోధనాభాషగా ఉన్నత విద్య గరపుట ఆనాటి భారతదేశమున సాహసమైన కార్యము. శాస్త్ర గ్రంథములను అనువదించుటకు ప్రత్యేక శాఖయే ఏర్పడెను. అయినను ఆ దేశభాష ఉర్దూ. రాజ్యమున నూటికి పండ్రెండుమందికి మించి మాటలాడని భాష. తెలుగు పిల్లవాడు ఇంట ఒక భాషయు, బడిలో మరియొక భాషయు, కచేరీలో వేరొక భాషయు నేర్చుకొనవలసి వచ్చెను. నీరిచ్చిన చేతియందే నోరు కట్టివేయు త్రాడు గూడ నుండెను.

మాటకు అనుమతి

1921 నవంబరులో హైదరాబాదున జరిగిన ఒక సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావు తెలుగున ప్రసంగింపబోగా కొందరు గేలిచేసి ఆయనను కూర్చుండబెట్టిరి. ఆ అవమానమునుండియే ఆంధ్ర జనసంఘము పుట్టినది. 1926లో సురవరము ప్రతాపరెడ్డి గోలకొండ పత్రికను స్థాపించెను. 1930లో జోగిపేటలో ఆయన అధ్యక్షతననే నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ తొలి సమావేశము జరిగెను. ఆరవ మహాసభ 1937లో మన నిజామాబాదున మందుముల నరసింగరావు అధ్యక్షతన సమావేశమయ్యెను. ఈ సభలలో కోరిన కోరికలు నేటివారికి అత్యల్పములుగా తోచును: మాతృభాషలో చదువు, గ్రంథాలయములు, వెట్టిచాకిరి నిర్మూలనము, బాధ్యతాయుతమైన పరిపాలనము.

ఆ కోరికలను చెప్పుకొనుటకును అనుమతి కావలసియుండెను. గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు చొప్పున ముందుగా అధికారుల సెలవు లేనిదే బహిరంగ సభలు జరుపరాదు. వ్యాయామశాలకును, పాఠశాలకును సెలవు కావలెను. 1938లో హైదరాబాదు స్టేటు కాంగ్రెసు నిషేధింపబడెను. ఆ యేడే వందేమాతరము పాడిన విద్యార్థులు విశ్వవిద్యాలయమునుండి వెడలగొట్టబడిరి. ప్రభువు మాట ఫర్మానాగా వ్రాతమూలమున దిగివచ్చుచుండెను, జరీదాలో అచ్చగుచుండెను, గ్రామమున తప్పెట మ్రోతతో చాటబడుచుండెను. క్రిందనుండి పైకి పోవు మాటకు మాత్రము త్రోవ లేకుండెను. రేడియో హైదరాబాదునకు వచ్చినది ఇట్టి కాలమున.

లోకమున రేడియో

ఆనాడు లోకమున రేడియో కథ దాదాపు అన్ని చోట్లను ఒకే విధముగా నడచెను. మొదట ఉత్సాహవంతులైన కొందరు, లేదా యంత్రములమ్ము వర్తకులు దానిని ప్రారంభింతురు. కొంతకాలమునకు ధనము చాలకనో, దాని శక్తిని చూచి పాలకులు మేల్కొనుటచేతనో అది ప్రభుత్వమునకో ప్రజాసంస్థకో చేరును. ఇంగ్లండులో 1922లో యంత్ర వర్తకుల కంపెనీగా పుట్టిన బీబీసీ 1927 జనవరి 1 నుండి రాజశాసనము గల ప్రజాసంస్థయయ్యెను. మద్రాసున 1924లో సి. వి. కృష్ణస్వామి చెట్టి మొదలగువారు రేడియో క్లబ్బును స్థాపించి ప్రసారములు జరిపిరి. ధనాభావమున 1927లో అది మూతపడగా, దాని యంత్రము నగర కార్పొరేషనునకు దక్కెను. 1930లో కార్పొరేషనువారు ప్రసారములు ప్రారంభించిరి. 1938లో ఆలిండియా రేడియో ఆ పనిని చేపట్టెను. బొంబాయి, కలకత్తాలలో 1927లో ప్రారంభమైన ప్రైవేటు కంపెనీ మూడేండ్లు తిరుగకముందే దివాలా తీయగా భారత ప్రభుత్వము దానిని స్వీకరించెను. మైసూరులో 1935లో ఆచార్య గోపాలస్వామి తన యింటనే చిన్న యంత్రముతో కేంద్రమును నడపి దానికి ఆకాశవాణి యని పేరు పెట్టెను. తరువాత ఆ సంస్థానము దానిని తీసికొనెను. ఆ పేరు నేడు దేశమంతటి రేడియోకును పేరైనది.

ఈ కేంద్రములన్నింటి విషయమునను విచారింపదగిన ప్రశ్న ఒక్కటే. యంత్రము ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోయినది అనునది పైపై ప్రశ్న. చేతులు మారిన పిమ్మట ఎవరి మాట వినబడినది అనునదియే అసలు ప్రశ్న.

చిరాగ్ అలీ వీధి కేంద్రము

హైదరాబాదున 1930ల తొలినాళ్లలో తంతి తపాలా శాఖలో ఉద్యోగియైన మహబూబ్ అలీ యను నాతడు చిరాగ్ అలీ వీధిలో 200 వాట్ల యంత్రముతో ప్రసారములు ప్రారంభించెను. 200 వాట్లనిన ప్రసారమునకు స్వల్పమైన శక్తి. నగరమునకును పరిసరములకును మించి అది స్పష్టముగా వినబడుట కష్టము. నూరు మైళ్లకు పైబడిన దూరముననున్న ఆర్మూరునకు ఆ ధ్వని అందునది కాదు. అయినను ఆ చిన్న కేంద్రము ఒక విషయమున విశిష్టమైనది. అది ఫర్మానా వలన పుట్టలేదు. ఏ శాఖయు దానిని ఆజ్ఞాపింపలేదు. ప్రతి మాటకును సెలవు కావలసిన రాజ్యమున, గాలిలోనికి మాటను పంపు సాధనమును ఒక సామాన్య ఉద్యోగి తన తెలివితో సృష్టించుకొనెను.

ఆ స్వాతంత్ర్యము ఎంతోకాలము నిలువలేదు. 1935 ఫిబ్రవరి 3వ తేదీనుండి ఆ కేంద్రము నిజాము ప్రభుత్వపు కేంద్రముగా ప్రసారములు జరుపసాగెను. దక్కను రేడియోయని దానికి పేరు నిలిచెను. 1939 జులై 1న సరూర్‌నగరమున 5 కిలోవాట్ల యంత్రము పనిచేయ నారంభించెను. అది తొలి యంత్రమునకు ఇరువదియైదు రెట్లు బలము గలది. నగరపు అంచులతో ఆగిపోయిన ధ్వని ఇప్పుడు జిల్లాలకు చేరగలిగెను.

ధ్వని చేరినదే కాని భాష చేరలేదు. ఉర్దూకు పెద్దపీట వేసి, తెలుగు, మరాఠీ, కన్నడములకు కొద్దిపాటి కాలము కేటాయించిరి. రేడియో పెట్టె వెలగలది. దానికి లైసెన్సు కావలెను. విద్యుచ్ఛక్తి లేని గ్రామములలో బ్యాటరీలు కావలెను. దేశ్‌ముఖుల గడీలలోను, పట్టణములయందలి వకీళ్ల యిండ్లలోను, వర్తకుల దుకాణములలోను మాత్రమే దానిని చూడవచ్చును. పన్నుకట్టు రైతుకు అది అందదు, అందినను తెలియదు. ఇట్లు ఒక వ్యక్తి చేతినుండి ప్రభుత్వము చేతికి వచ్చినంత మాత్రమున ఆ కేంద్రము ప్రజలది కాలేదు. ప్రభువుది మాత్రమే అయ్యెను.

పిమ్మట తక్కిన భారతమున మరియొక పాఠము వెలువడెను. 1942 క్విట్ ఇండియా ఉద్యమమున ఉషా మెహతాయను యువతియు ఆమె సహచరులును బొంబాయిలో చోటునుండి చోటునకు యంత్రమును మార్చుచు రహస్యముగా కాంగ్రెసు రేడియోను నడపిరి. మూడు నెలలు గడువకముందే పోలీసులు దానిని పట్టుకొనిరి. యంత్రము చిన్నదైనను ప్రజల మాట పలికినచో ప్రభుత్వములు భయపడునని అది చాటినది.

1947, 1948

1947 జూనులో, ఆంగ్లేయులు వెడలిపోవుట నిశ్చయమైన పిమ్మట, తాను ఏ దేశమునను చేరక స్వతంత్రుడనై యుందునని నిజాము ఫర్మానా వెలువరించెను. ఆగస్టు 15న దేశమంతట జాతీయ పతాకము ఎగిరెను. హైదరాబాదున దానినెత్తినవారు చెరసాలలకు పోయిరి. అక్టోబరు 27 తెల్లవారుజామున ఇత్తెహాదుల్ ముస్లిమీన్ గుంపులు ప్రధాని ఛత్తారీ నవాబు మొదలగువారి యిండ్లను చుట్టుముట్టి, భారత ప్రభుత్వముతో ఒడంబడికకు బయలుదేరనున్న వారిని నిలిపివేసెను. పిదప నవంబరు 29న యథాతథపు ఒడంబడిక కుదిరినను, పగ్గములు నిజాము చేతినుండి జారి కాశిం రజ్వీ చేతికి పోవుచుండెను. మీర్ లాయక్ అలీ ప్రధానియయ్యెను. రజాకార్లు పల్లెలపై పడిరి. రజ్వీ వాదమునకు దక్కను రేడియో వేదికయయ్యెను. ప్రభుత్వ సాధనమును ప్రభుత్వముకంటె బలిసిన వర్గము వాడుకొనసాగెను.

ఆ దినములలో ఎదురు మాట పలికిన నోళ్లకు కలిగిన గతి తెలియదగినది. ఇమ్రోజ్ పత్రికా సంపాదకుడైన యువకుడు షోయబుల్లా ఖాను, తాను ముస్లిమయ్యును హైదరాబాదు భారతదేశమున చేరుటయే మేలని వ్రాసినందులకు, 1948 ఆగస్టులో దుండగులచేత చేతులు నరకబడి ప్రాణములు కోల్పోయెను. యువకవి దాశరథి కృష్ణమాచార్యులు మన నిజామాబాదు కోటలోని చెరసాలలో వట్టికోట ఆళ్వారుస్వామితోగూడ బందీయై, కాగితము లేక గోడలపై బొగ్గుతో పద్యములు వ్రాసెను. సరూర్‌నగరమున 5,000 వాట్ల బలముతో పలుకు యంత్రమొకవైపు. ఇందూరు కోటలో బొగ్గుముక్క మరియొకవైపు. చరిత్ర యేది నిలిపినదో మనకు తెలియును.

సెప్టెంబరు 17

1948 సెప్టెంబరు 13న భారత సైన్యము నలువైపులనుండి సంస్థానమున ప్రవేశించెను. అయిదవ దినమునకు అంతయు ముగిసెను. 17వ తేదీన లాయక్ అలీ మంత్రివర్గము రాజీనామా యిచ్చెను. ఆ సాయంకాలము నిజాము రేడియో కేంద్రమునకు వెళ్లెను. ఆయన అట్టి కేంద్రమునకు వెళ్లుట అదియే మొదటిసారియని, ఆనాడు భారత ప్రభుత్వ ప్రతినిధిగా హైదరాబాదుననున్న కె. ఎం. మున్షీ తన జ్ఞాపకములలో తెలిపెను.

మంత్రివర్గము తొలగినదనియు, కాల్పులు మానుటకు తన సైన్యమును ఆజ్ఞాపించితిననియు, భారత సైన్యము బొల్లారము, సికింద్రాబాదులకు వచ్చుటకు అభ్యంతరము లేదనియు, రజాకార్ల సంస్థను నిషేధించితిననియు ఆయన ఆ ప్రసంగమున ప్రకటించెను. 23వ తేదీన మరల ప్రసంగించుచు, బలవంతముగా అధికారమును చేజిక్కించుకొన్న ఒక చిన్న వర్గము తనను నిస్సహాయుని గావించినదని చెప్పి, ఐక్యరాజ్యసమితిలోని ఫిర్యాదునుండి తాను విరమించుకొన్నట్లు వివరించెను.

ఆయన నిజముగా నిస్సహాయుడా, లేక పరిస్థితి తిరుగబడిన పిమ్మట నిస్సహాయుడనని చెప్పుకొనెనా అను వాదము చరిత్రకారులలో తీరలేదు. ఒక్క సంగతి మాత్రము వాదమునకు అతీతమైనది. ప్రజలతో నేరుగా మాటలాడు సాధనము 1935 నుండి ఆయన చేతిలో నుండెను. భాషల విషయమున, భూముల విషయమున, వెట్టి విషయమున, రజాకార్ల దౌర్జన్యముల విషయమున ఆయన ఆ సాధనముతో ఎన్నడును ప్రజలను పలుకరించి యుండలేదు. ముప్పదియేడేండ్లు మాటలాడని ప్రభువు ఒకనాడు మాటలాడగా ఆ మాట ఆజ్ఞగా గాక సంజాయిషీగా వినబడెను. సైన్యమును, సంపదను కోల్పోవుటకు చాల ముందుగనే ఆయన ప్రజలతో మాటను కోల్పోయియుండెను.

చేతులు మారిన కేంద్రము

సెప్టెంబరు 18న నిజాము సేనాధిపతి ఎల్ ఎడ్రూస్, మేజర్ జనరల్ చౌదరికి లొంగిపోయెను. సైనిక పాలనము వచ్చెను. రేడియోయు దాని వశమయ్యెను. 1950 ఏప్రిలు 1వ తేదీన దక్కను రేడియో ఆలిండియా రేడియోలో చేరి, హైదరాబాదు కేంద్రమయ్యెను. అంతకు కొంచెము ముందు, 1948 డిసెంబరు 1న, విజయవాడ కేంద్రము ప్రారంభమై యుండెను. ఇట్లు తెలుగు నేలకు రెండు వైపులను తెలుగు పలుకు కేంద్రములు నిలిచెను. నిజామాబాదు కోటలో బందీయైయుండిన దాశరథి తరువాత హైదరాబాదు ఆకాశవాణిలో ఉద్యోగియై చాల సంవత్సరములు పనిచేసెను. ప్రభువు కేంద్రము ప్రజల కేంద్రముగా మారుటకు ఇంతకంటె చక్కని గురుతు మరియొకటి లేదు.

అయినను జాతీయవాదులమైన మనము సత్యమును సగము చెప్పి ఊరకుండరాదు. సైనిక చర్య జరిగిన పిదప సంస్థానమున పలుచోట్ల ముస్లిములపై ఘోరమైన హింసాకాండ జరిగెను. దానిని విచారించుటకు భారత ప్రభుత్వము పండిత సుందరలాలు నాయకత్వమున ఒక సంఘమును పంపెను. 27,000 మొదలు 40,000 వరకు జనులు మరణించియుందురని ఆ సంఘము అంచనా వేసెను. ఆ నివేదిక దశాబ్దుల తరబడి ప్రజల యెదుటికి రాలేదు. కేంద్రము చేతులు మారినను, పాలకులకు రుచింపని సత్యము గాలిలోనికి వెంటనే రాదని దీనివలన తెలియుచున్నది. 1975 నుండి 1977 వరకు సాగిన అత్యవసర పరిస్థితిలో అదే రేడియో ప్రభుత్వ వాణిగా మాత్రమే పలికిన సంగతియు మనకు తెలియును. ప్రభుత్వపు రేడియో వేరు, ప్రజల రేడియో వేరు. మొదటిదానిని ఒక్క ఉత్తరువుతో ఏర్పరుపవచ్చును. రెండవదానిని తరతరములు కాపాడుకొనవలెను.

అవసాన దశ

నిజాము కథను ముగింపవలసియున్నది. 1949లో ఆయన సొంత భూములైన సర్ఫెఖాసు దివానీలో కలిసెను, జాగీర్లు రద్దయ్యెను. ఏటికి 50 లక్షల రూపాయల రాజభరణము ఆయనకు నిర్ణయమయ్యెను. 1950 జనవరి 26న ఆయన భారత రాజ్యాంగమునకు లోబడి హైదరాబాదు రాష్ట్ర రాజప్రముఖుడుగా ప్రమాణము చేసెను. 1952 ఎన్నికల పిదప, ఒకప్పుడు ఆంధ్ర మహాసభలలో ప్రజల కోరికలు వినిపించిన బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రియయ్యెను. సభకు సెలవు నిరాకరించిన ప్రభువే, సభ నడపిన వానిని మంత్రిగా అంగీకరింపవలసి వచ్చెను. 1956లో రాష్ట్రములు పునర్వ్యవస్థీకరింపబడగా రాజప్రముఖ పదవియు పోయెను. పిమ్మట ఆయన కింగ్ కోఠీలో నిరాడంబరముగా కాలము గడిపి, 1967 ఫిబ్రవరి 24న కన్నుమూసెను. ఆయన అంత్యయాత్రకు జనులు లెక్కకు మిక్కిలిగా వచ్చిరి. వారిలో ఆయన ఆసుపత్రిలో ప్రాణము నిలుపుకొన్నవారు నుండిరి. ఆయన విద్యాలయమున చదివినవారు నుండిరి. ప్రజలు మేలును మరువరు. కాని మేలు చేసినంత మాత్రమున మాటను కట్టివేయు హక్కు పాలకునకు సంక్రమింపదు. ఆయన జీవితమునుండి గ్రహింపవలసినది ఇదియే.

మన యెదుటనున్న కర్తవ్యము

సెప్టెంబరు 17ను ఒకరు విమోచన దినమందురు, ఒకరు విలీన దినమందురు, మరియొకరు సమైక్యతా దినమందురు. పేరేదైనను, ఆనాడు ఒక రేడియో కేంద్రమున జరిగిన సంగతి అన్ని పక్షములకును ఒకే పాఠమును చెప్పుచున్నది. 1995లో భారత సర్వోన్నత న్యాయస్థానము గాలితరంగములు ప్రజల ఆస్తియని తీర్పు చెప్పెను. 1990లో శాసనమై 1997లో అమలులోనికి వచ్చిన ప్రసార భారతి చట్టముచే ఆకాశవాణి ప్రత్యేక సంస్థయయ్యెను. అయినను ధనము కొరకు అది నేటికిని ప్రభుత్వము వైపే చూడవలసియున్నది. 2008లో జహీరాబాదు సమీపమున మాచునూరులో దళిత మహిళలు నడపు సంఘం రేడియో ప్రారంభమయ్యెను. చిరాగ్ అలీ వీధిలో ఒక వ్యక్తి ఉత్సాహముతో మొదలైన చిన్న యంత్రపు కథ, ముప్పావు శతాబ్ది తరువాత, పొలము పనిచేయు స్త్రీల చేతికి వచ్చెను.

మన జిల్లాకును నిజామాబాదున ఆకాశవాణి కేంద్రము కలదు. ఆర్మూరు ప్రాంతపు పసుపు రైతు విత్తన శుద్ధిని గూర్చియు, తెగుళ్లను గూర్చియు అందు వినవచ్చును. అది మేలే. కాని రైతు వినవలసినవాడు మాత్రమే కాడు, వినిపింపవలసినవాడును అతడే. 2019 లోక్‌సభ ఎన్నికలలో ఈ నియోజకవర్గమున పోటీచేసిన 185 మందిలో 178 మంది రైతులు. పసుపునకు గిట్టుబాటు ధర కావలెననియు, బోర్డు కావలెననియు చెప్పుకొనుటకు వారికి ఎన్నికల పత్రమే శరణ్యమయ్యెను. 2025లో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రముగా పని ప్రారంభించెను. రైతుల మాట వినబడుటకు ఇంత శ్రమ కావలసివచ్చుట మన ప్రసార సంస్థలకు శోభ కాదు.

భూవసతి గలవారును, పట్టణముల విద్యావంతులును ఈ విషయమున ఊరక చూచుచుండరాదు. స్థానిక కేంద్రములకు స్థానికుల సలహా సంఘములు సజీవముగా నుండవలెను. వాటియందు పసుపు పండించువారికిని, పసుపు కొమ్ములుడుకబెట్టు కూలీలకును చోటుండవలెను. పాలకులకు ఇంపుగానుండని మాటకును ప్రసారమున వేళ యుండవలెను. నీటిని కాలువలలో పారించిన ప్రభువు మాటను మాత్రము పారనీయక చెడెను. ఆ కాలువలు నేటికిని మన పొలములను తడుపుచున్నవి. మాటకును అట్టి కాలువ త్రవ్వుట ప్రజాప్రభుత్వమునకు విధి. దానిని పూడిపోకుండ చూచుకొనుట ప్రజలమైన మన విధి.